మూడుసార్లు పుట్టే కంపైలర్

లైనక్స్‌లో జీసీసీని సోర్సు నుంచి కట్టుకుంటున్న పాఠకుడొకరు అడిగారు: "గంటలకొద్దీ మేక్ నడిచి, చివర్లో 'బూట్‌స్ట్రాప్ కంపారిజన్ ఫెయిల్యూర్' అంటూ ఆగిపోయింది. కంపైలర్ తయారయ్యాక ఇంకా దేన్ని దేనితో పోలుస్తోంది?"

ఇలాంటి ప్రశ్న వచ్చాక మిగతా ఉత్తరాలు ఆగాల్సిందే! జీసీసీ కూడా సీ++లో రాసిన ప్రోగ్రామే. కాబట్టి దాన్ని కంపైల్ చెయ్యడానికి ముందే మరో కంపైలర్ ఉండాలి. మీ సిస్టంలోని పాత కంపైలర్ కొత్త సోర్సు నుంచి మొదటి దశను పుట్టిస్తుంది. ఆ మొదటి దశ అదే సోర్సును కంపైల్ చేస్తే రెండో దశ, ఆ రెండోది మళ్లీ చేస్తే మూడోది. పోల్చేది రెండు, మూడు దశల ఆబ్జెక్టు ఫైళ్లను.

మరి ఒకటీ రెండూ ఎందుకు పోల్చదు? మొదటి దశలోని యంత్రసంకేతాలు పాత కంపైలర్ చేతిరాత, రెండోదానివి కొత్తదాని చేతిరాత. అవి కలవవు, కలవక్కర్లేదు. కానీ రెండింటి సోర్సూ ఒకటే గనుక పనితీరు ఒకటే అయితీరాలి. పనితీరు ఒకటే అయితే, ఒకే సోర్సు ఇచ్చినప్పుడు రెండూ ఒకే ఫలితం ఇవ్వాలి. ఆ ఫలితాలే రెండో, మూడో దశలు! కలవలేదంటే పాత కంపైలరో కొత్తదో ఎక్కడో తప్పు సంకేతం రాసి ఉండొచ్చు. మెమరీ అడ్రసులను బట్టి ఏ పట్టిక వరసో మారినా ఇంతే. 'సీసీ1-చెక్‌సమ్' ఫైలు తేడాకు మాత్రం కంగారుపడకండి, దానికి హెచ్చరికతో సరిపెడుతుంది.

అన్నీ కలిస్తే కంపైలర్ నిర్దోషి అనుకునేవాళ్లున్నారు. కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలోనే ఆ భ్రమ పోగొట్టాడు. లాగిన్ ప్రోగ్రాంలో దొంగదారి పెట్టే కంపైలర్, తనను తాను కంపైల్ చేసుకునేటప్పుడు ఆ బుద్ధినీ కొత్తదానికి అంటిస్తుంది. సోర్సు ఎంత వెతికినా శుభ్రంగానే ఉంటుంది. అలాంటి పాత కంపైలర్‌తో మొదలుపెట్టినా రెండో, మూడో దశలు బుద్ధిగా కలుస్తాయి.

ఇక చెయ్యాల్సింది: బిల్డ్ డైరెక్టరీ చెరిపేసి, సోర్సుకు బయట ఖాళీ డైరెక్టరీలో, సొంత సీఫ్లాగ్స్ ఏవీ లేకుండా మళ్లీ మొదలుపెట్టండి. ప్రతిసారీ వేరే ఫైలు దగ్గర 'సిగ్నల్ 11'తో ఆగుతుంటే కంపైలర్‌ను తిట్టకండి, ముందు ర్యామ్ పరీక్షించండి. '--డిజేబుల్-బూట్‌స్ట్రాప్' పెట్టెయ్యమని సలహా ఇచ్చేవాళ్లకు దండం. అది పోయేలా చేసేది తప్పును కాదు, తనిఖీని. అయినా మీకు కావాల్సింది కొత్త జీసీసీ మాత్రమే అయితే, డిస్ట్రో ప్యాకేజీ ఉండగా ఈ తంటా ఎందుకండీ!