తెరచి చూచినవారికే దొరికిన గ్రంథాలు

క్రైస్తవ కుటుంబంలో బైబిలు లేని ఇల్లు అరుదు. తలగడ ప్రక్కన ఒకటి, గూట్లో ఒకటి, పిల్లల బడిసంచిలో చిన్న క్రొత్త నిబంధన ఒకటి. ఆదివారం చేతబట్టుకొని గుడికి వెళ్తాం. ఆ గ్రంథం ఉన్నందుకు ఎవరూ మనల్ని పట్టుకొని చెరసాలలో వేయరు. అందుకేనేమో, మాతృభాషలో వాక్యం చదువుకోవడానికి ఒకప్పుడు మనుష్యులు ఎంత వెల చెల్లించారో మనకు జ్ఞాపకం రాదు. ఇంగ్లీషులో మొట్టమొదట పూర్తిగా అచ్చయిన క్రొత్త నిబంధన కథ ఆ వెల ఏమిటో చెబుతుంది.

విలియం టిండేల్ ఆక్స్‌ఫర్డులో చదివిన పండితుడు. ఆ రోజుల్లో ఇంగ్లాండులో బిషప్పుల అనుమతి లేకుండా బైబిలును ఇంగ్లీషులోకి తర్జుమా చేయడం నేరం. 1523లో ఆయన లండన్ బిషప్పు సహాయం కోరాడు. అది దొరకలేదు. 1524లో స్వదేశం విడిచి జర్మనీ వెళ్ళాడు. 1525లో కొలోన్ పట్టణంలో అచ్చుపని మొదలైంది. మత్తయి సువార్త సగం దాటిందో లేదో, సంగతి అధికారుల చెవిన పడింది. ఆయన చేతికందిన కాగితాలు తీసుకొని రైన్ నది మీదుగా వర్మ్స్ పట్టణానికి పారిపోయాడు. అక్కడ 1526లో పని ముగిసింది. చేతిలో ఇమిడే చిన్న పుస్తకం అది. దానిమీద అనువాదకుని పేరు కూడా లేదు.

సుమారు 3,000 ప్రతులు అచ్చయ్యాయని చెబుతారు. వాటిని బట్టల మూటల్లో దాచి ఓడలమీద ఇంగ్లాండుకు చేరవేశారు. ఆ సంవత్సరమే లండన్‌లో బిషప్పు వాటికి విరోధంగా ప్రసంగించి, దొరికినవాటిని తగులబెట్టించాడు. కొన్ని అగ్నికి ఆహుతి అయ్యాయి. చాలా ప్రతులు చేతులు మారి, చదివి చదివి నలిగి చిరిగిపోయి ఉంటాయి. నేడు లోకమంతటిలో మిగిలినట్లు తెలిసినవి మూడే మూడు.

ఒకటి లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఉంది. దానిలో అనేక పుటలు లేవు. రెండవదాన్ని ఆండ్రూ గిఫర్డ్ అనే బాప్టిస్టు బోధకుడు భద్రపరచాడు. ఆయన బ్రిటిష్ మ్యూజియంలో గ్రంథాలయ సహాయాధికారి కూడా. 1784లో ఆయన మరణించినప్పుడు ఆ గ్రంథం బ్రిస్టల్‌లోని బాప్టిస్టు కళాశాలకు చెందింది. 1994లో బ్రిటిష్ లైబ్రరీ దానిని పది లక్షల పౌండ్లకు పైగా చెల్లించి కొన్నది. ఒకప్పుడు బిషప్పు కాల్చించిన పుస్తకమే అది! అందులో మొదటి పుట తప్ప మిగిలినదంతా ఉంది.

ఆ మొదటి పుట ఎలా ఉండేదో ఎవరికీ తెలియదనుకున్నారు. అయితే 1996లో జర్మనీలోని స్టట్‌గార్ట్ గ్రంథాలయంలో మూడవ ప్రతి బయటపడింది. మొదటి పుటతో సహా సంపూర్ణంగా ఉంది. అది ఎక్కడో భూమిలో పాతిపెట్టబడలేదు. గ్రంథాలయంలోనే ఉంది. దాని విలువ గుర్తించినవారే అంతవరకు లేకపోయారు.

ఇలాంటిదే మరొక సంగతి. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలు తయారీలో పాల్గొన్న పండితులలో శామ్యూల్ వార్డ్ ఒకడు. కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలకు ఆయన అధ్యక్షుడయ్యాడు. ఆయన కాగితాలు ఆ కళాశాలలోనే ఉండిపోయాయి. వాటిలో ఒక చిన్న చేతివ్రాత పుస్తకం ఉంది. 1980లలో జాబితా తయారుచేసినవారు దానిని ఏదో వ్యాఖ్యానమని వ్రాసుకున్నారు. అమెరికా నుండి వచ్చిన ఒక ఆచార్యుడు ఓపికగా చదివి చూస్తే, అది ఆ తర్జుమాలో కొంత భాగానికి వార్డ్ తన చేతితో వ్రాసుకున్న చిత్తుప్రతి! 2015లో ఆ వార్త లోకానికి తెలిసింది. ఒక మాట వ్రాయడం, కొట్టివేయడం, మరొకటి వ్రాయడం, ఆ ప్రయాసంతా ఆ పుటల్లో కనబడుతుంది.

యోషీయా రాజు దినములలో యాజకుడైన హిల్కీయా ధర్మశాస్త్ర గ్రంథాన్ని ఎక్కడ కనుగొన్నాడు? దేవుని మందిరంలోనే గదా! గ్రంథం ఇంట్లో ఉండడం వేరు, దానిని తెరచి చూడడం వేరు.

టిండేల్ సంగతి ముగించాలి. 1535లో ఆంట్‌వెర్ప్ పట్టణంలో, స్నేహితునివలె నటించినవాడే ఆయనను పట్టించాడు. బ్రసెల్స్ దగ్గర విల్‌వోర్డ్ కోటలో ఏడాదికి పైగా బంధించారు. అక్కడినుండి ఆయన లాటిన్ భాషలో వ్రాసిన ఒక ఉత్తరం బెల్జియం దేశపు పురాతన పత్రాల భాండాగారంలో భద్రంగా ఉంది. ఆయన స్వహస్తంతో వ్రాసినది మనకు మిగిలింది ఆ ఒక్క ఉత్తరమే. విడుదల చేయమని అందులో అడగలేదు. తలకు చలి, జలుబు బాధిస్తున్నాయి, వెచ్చని టోపీ కావాలన్నాడు. వెచ్చని కోటు, చినిగిన వస్త్రాలకు అతుకు వేసుకోవడానికి గుడ్డముక్క కావాలన్నాడు. చీకట్లో ఒంటరిగా కూర్చోవడం కష్టంగా ఉంది, సాయంకాలం ఒక దీపం ఇప్పించమన్నాడు. అన్నిటికంటె ముఖ్యంగా హెబ్రీ బైబిలు, హెబ్రీ వ్యాకరణం, నిఘంటువు కావాలని బ్రతిమాలాడు. అపొస్తలుడైన పౌలు కూడా చెరసాలనుండి అంగీని, పుస్తకాలను తెమ్మని తిమోతికి వ్రాయలేదా?

1536 అక్టోబరులో టిండేల్‌ను స్తంభానికి కట్టి, గొంతు బిగించి చంపి, దేహాన్ని కాల్చివేశారు. రెండేళ్ళు తిరగకముందే, ఇంగ్లాండులో ప్రతి గుడిలో ఇంగ్లీషు బైబిలు ఉంచాలని రాజాజ్ఞ వెలువడింది. అలా వచ్చిన బైబిలులోనూ, తరువాతి కింగ్ జేమ్స్ బైబిలులోనూ టిండేల్ మాటలే విస్తారంగా ఉన్నాయి.

ప్రియ పాఠకులారా, మన గుడి బీరువాలో ఏమున్నదో ఒకసారి తెరచి చూద్దాం. పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, పెండ్లి రిజిస్టర్లు, నాయనమ్మ చదివిన బైబిలు, దాని మొదటి పుటలో తాతయ్య వ్రాసిన పుట్టిన తేదీలు ఉండవచ్చు. వాటిని తడి తగలని చోట, నేలకు ఎత్తుగా ఉంచుదాం. చిరిగిన పుటలకు టేపు అంటించవద్దు. కొన్నాళ్ళకు దాని జిగురే కాగితాన్ని పాడుచేస్తుంది. శుభ్రమైన తెల్లకాగితంలో చుట్టి, లోపల ఏమున్నదో పైన వ్రాసి పెడితే చాలు. ఇంట్లో పెద్దవారుండగానే ఆ పేర్లు ఎవరివో పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని చెప్పించుకుందాం.

ఆ తరువాత గూట్లో ఉన్న మన బైబిలును కూడా తీద్దాం. టిండేల్ చెరసాలలో దీపం కోసం బ్రతిమాలుకున్నాడు. మన ఇంట దీపం వెలుగుతూనే ఉన్నది.