పావగడ పాస్‌వర్డ్ ఎక్కడ తెగింది?

పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా, అక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. అక్కడివారొకరు తమ ఊళ్ల పేర్లతో పాస్‌వర్డ్ పెట్టుకున్నారనుకుందాం: “పావగడ తిరుమణి బలసముద్ర నాగలమడక”. పొడుగ్గా ఉంది, గుర్తూ ఉంటుంది. అయితే వెబ్‌సైటు కట్టినవారు ఒక సంగతి మరిచిపోతే, చివరి మాటలో “నాగ” వరకు కొట్టినా ఖాతా తెరుచుకుంటుంది.

బాధ్యత గల సైటు పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచదు. దాని హ్యాష్ (లెక్క కట్టి తీసిన గుర్తు) మాత్రమే దాస్తుంది. గానుగ ఆడించిన వేరుశనగ మళ్లీ కాయ కానట్టే, హ్యాష్‌ను వెనక్కి తిప్పి పాస్‌వర్డ్ తీయలేం. లాగిన్ అయ్యేటప్పుడు మనం కొట్టినదానికి మళ్లీ హ్యాష్ తీసి, పాతదానితో పోలుస్తారు.

ఈ పనికి ఎక్కువగా వాడేది 1999లో వచ్చిన బీక్రిప్ట్. అది 72 బైట్ల (కంప్యూటర్ నిల్వ కొలత) వరకే చూస్తుంది. పీహెచ్‌పీలో (వెబ్‌సైట్లు కట్టే భాష) అయితే మిగతాది చప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి, మాటల మధ్య ఖాళీకి ఒక్కో బైటు చాలు. తెలుగులో హల్లుకు మూడు, గుణింతపు గుర్తుకు మూడు, పొల్లుకు మూడు. పై పాస్‌వర్డ్ మొత్తం 84 బైట్లు. “నాగ” దగ్గర 72 నిండిపోతాయి. పొడుగు పాస్‌వర్డ్ పెట్టుకోమని చెప్పి, తెలుగువారి దగ్గర సగంలో కోసేయడం అన్యాయమే. 72 దాటితే ఆ మాట వాడేవారికి చెప్పి ఆపాలి. లేదా ఈ పరిమితి లేని ఆర్గాన్2 అనే హ్యాష్ పద్ధతికి మారాలి.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. “రైతు”లోని ఐత్వాన్ని యూనికోడ్ (లిపులన్నిటికీ సంఖ్యలిచ్చే ప్రమాణం) రెండు విధాలుగా రాయనిస్తుంది: ఒకే సంఖ్యగా, లేదా ఎత్వం, దాని కింద మరో గుర్తు కలిపి రెండు సంఖ్యలుగా. తెర మీద రెండూ ఒక్కటే. హ్యాష్‌లు మాత్రం పూర్తిగా వేరు. ఫోన్ కీబోర్డు ఒకలా, సైబర్ సెంటర్ కంప్యూటర్ ఇంకోలా పంపితే, సరైన పాస్‌వర్డుకే “తప్పు” అన్న జవాబు వస్తుంది. అందుకని ఖాతా తెరిచేటప్పుడూ, లాగిన్‌లోనూ, హ్యాష్‌కు ముందే అక్షరాలను ఒకే రూపానికి తేవాలి. పాత ఖాతాలకు మొదట కొట్టింది కొట్టినట్టే పోల్చాలి. కుదరకపోతే సవరించిన రూపంతో పోల్చాలి.

మరి హ్యాష్ పద్ధతే పాతదైతే? 2020లో బెంగళూరుకు చెందిన బిగ్‌బాస్కెట్ నుంచి 2 కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటపడ్డాయి. అందులో పాస్‌వర్డులు ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్‌లుగా ఉన్నాయి. ఆ లెక్క చాలా వేగంగా అయిపోతుంది. దొంగకు కావలసింది ఆ వేగమే: గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని సెకనుకు కోట్ల ఊహలు సరిచూసుకోవచ్చు. బీక్రిప్ట్ కావాలనే నెమ్మదిగా నడుస్తుంది.

పాత పద్ధతిని మార్చడానికి అందరి పాస్‌వర్డులూ మళ్లీ అడగనక్కర్లేదు. ఉన్న పాత హ్యాష్‌నే బీక్రిప్ట్‌లో వేసి, ఆ ఫలితాన్ని దాచాలి. తర్వాత ఎవరు లాగిన్ అయితే వారి అసలు పాస్‌వర్డ్ ఆ క్షణాన చేతికొస్తుంది కాబట్టి, అప్పుడే నేరుగా కొత్త హ్యాష్ తీసుకోవచ్చు. బీక్రిప్ట్ ఫలితం 60 అక్షరాలు. డేటాబేస్‌లో దానికి 50 అక్షరాల చోటే ఇస్తే తోక తెగి, ఎవరూ లాగిన్ కాలేరు.

మార్పు అయ్యాక పాత హ్యాష్‌ల గడిని, బ్యాకప్‌లలోని నకళ్లతో సహా చెరిపేయాలి. 2015లో వివరాలు బయటపడిన ఆష్లే మాడిసన్ సైటు పాస్‌వర్డులను బీక్రిప్ట్‌లోనే దాచింది. కానీ పక్కనే వాటినుంచి తీసిన, వేగంగా లెక్కయ్యే ఎండీ5 హ్యాష్‌లు మిగిలిపోయాయి. వాటి గుండా కోటికి పైగా పాస్‌వర్డులు బయటపడ్డాయి.