వాచీ చూపే ‘45’ ఎక్కడి లెక్క?

పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసేవాళ్ల చేతికి ఇప్పుడు స్మార్ట్‌వాచీ మామూలైపోయింది. పరుగు ముగించి టైమింగ్ చూసుకున్నాక అందరి కళ్లూ ఇంకో అంకె మీదకి పోతాయి. అదే వీఓ2 మ్యాక్స్. ‘నాది 45 రా’ అని ఒకరంటే, ‘నాది వారంలో 41కి పడిపోయింది’ అని ఇంకొకరు దిగులుపడతారు. ఆ నాలుగు పాయింట్లు తిరిగి తెచ్చుకోవాలని ఒళ్లు హూనం చేసుకుని, మోకాలు పట్టేసి కూర్చునేవాళ్లూ ఉన్నారు. ఇంతకీ మణికట్టు మీదుండే వాచీకి మన దమ్ము ఎంతో ఎలా తెలుస్తుంది?

తెలియదు. లెక్క కట్టి చెబుతుంది, అంతే.

సత్తువంతా పెట్టి పరిగెత్తేటప్పుడు మన శరీరం నిమిషానికి, ఒక్కో కిలో బరువుకి, ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదో అదే వీఓ2 మ్యాక్స్. దాన్ని నిజంగా కొలవాలంటే ల్యాబ్‌కి వెళ్లాలి. ముఖానికి మాస్క్ తగిలించి, ట్రెడ్‌మిల్ వేగం పెంచుకుంటూ పోతారు. పీల్చిన గాలికీ వదిలిన గాలికీ ఆక్సిజన్‌లో తేడా చూస్తారు. వాచీకి మాస్క్ లేదు కదా! దాని దగ్గరున్నవి రెండే: జీపీఎస్ చెప్పే వేగం, వెనకవైపు ఆకుపచ్చ లైటు చెప్పే గుండె వేగం. ఆకుపచ్చ కాంతిని రక్తం బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి, తిరిగొచ్చే కాంతిలో ఆ లయ కనిపిస్తుంది.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. చదును నేల మీద పరుగుకి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే సూత్రం పాఠ్యపుస్తకాల్లో ఉంది. నిమిషానికి ఎన్ని మీటర్లో దాన్ని 0.2తో గుణించి, విశ్రాంతిలో అయ్యే ఖర్చు 3.5 కలపాలి. గంటకు 9 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 150 మీటర్లు. ఖర్చు 33.5.

మీ వయసు 22 అనుకుందాం. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం 198. విశ్రాంతిలో 60. పరుగులో 160 ఉంటే, మీకున్న 138 బీట్ల జాగాలో 100 వాడేశారు, అంటే సుమారు 72 శాతం. విశ్రాంతి ఖర్చుపైన వాడిన 30 మిల్లీలీటర్లు కూడా మీ శక్తిలో అంతే శాతం అనుకుంటే మొత్తం ఎంత? దాదాపు 45. ఇదే ఆ అంకె! కంపెనీల సూత్రాలు ఇంతకంటే చిక్కగా ఉంటాయి. గార్మిన్ 2020లో కొనేసిన ఫిన్లాండ్ సంస్థ ఫస్ట్‌బీట్ పద్ధతైతే పరుగును ముక్కలుగా విడగొట్టి, నమ్మదగ్గ ముక్కల్నే లెక్కలోకి తీసుకుంటుంది. దారి మాత్రం ఇదే.

లెక్క తెలిశాక దాని బలహీనత కూడా తెలిసిపోతుంది. అదే 9 కిలోమీటర్ల వేగంతో మే నెల ఎండలో పరిగెత్తండి. చెమట పట్టి, ఒంటిని చల్లబరచడానికి గుండె ఎక్కువ కొట్టుకుని 170కి చేరితే పై లెక్క 41 చూపిస్తుంది. మీ దమ్ము ఎక్కడికీ పోలేదు, ఎండ పెరిగిందంతే. ఇక 220 సూత్రం సగటు మాత్రమే. ఒకే వయసువాళ్లలో పది, పన్నెండు బీట్ల తేడా మామూలు. మీ అసలు గరిష్ఠం 208 అయితే మొదటి పరుగుకే 48 రావాలి. అందుకే సెట్టింగ్స్‌లో ఆ అంకెను సరిచేసుకోవడం కొత్త వాచీ కొనడం కన్నా మేలని నా అభిప్రాయం. వయసు తప్పుగా కొట్టినా గోవిందా.

ఇంకో చిక్కుంది. వాచీ వదులుగా ఉంటే చేతి ఊపునే గుండె లయ అనుకుంటుంది. పరుగులో అడుగులూ నిమిషానికి 160, 170 దగ్గరే ఉంటాయి మరి. యాక్సిలరోమీటర్ సాయంతో ఈ ఊపును వేరుచేయడమే ఈ రంగంలో సిగ్నల్ ప్రాసెసింగ్ ఇంజినీర్లకు పెద్ద పని. ఈసీఈ, డేటా సైన్స్ వాళ్లకి ఫైనలియర్ ప్రాజెక్టుగా బాగుంటుంది. పీపీజీ-డాలియా అనే డేటాసెట్ ఉచితంగా దొరుకుతుంది. అందులో 15 మంది మణికట్టు సిగ్నల్‌తో పాటు సరిచూసుకోవడానికి ఛాతీ ఈసీజీ కూడా ఉంది.

మళ్లీ గ్రౌండ్‌కి వద్దాం. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి. పై సూత్రంలో వేస్తే దాదాపు 48 వస్తుంది. మహిళలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. అంటే సరిగ్గా మన ఉదాహరణలోని వేగమే, 33.5. అలాగని వాచీలో 45 చూసి బెంగపడక్కర్లేదు. ఏడు నిమిషాల పరుగులో ఆక్సిజన్ అవసరం లేకుండా కండరాలు ఇచ్చే శక్తి కూడా కొంత కలుస్తుంది. 50 చూసి ప్రాక్టీస్ తగ్గించడమూ తప్పే, ఆ 50 మీ గరిష్ఠ గుండె వేగం తప్పుగా ఉండటంవల్ల కూడా రావచ్చు. వారానికోసారి అదే గ్రౌండ్‌లో, అదే వేళకి, పూర్తి 1600 మీటర్లు పరిగెత్తి టైమింగ్ రాసుకోండి. వాచీ అంకెను దాని పక్కన ఇంకో గడిలో వేసుకుంటే చాలు.