చేనిగట్టున దొరకిన దుప్పితల

గడచిన యెండకాలమున మా సంఘ సభ్యులలో నొకరు ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల పాదమునందలి తమ చేనికి బోయి గట్టువార ముండ్లపొదలో నొక దుప్పితలను జూచిరి. మాంసమును చాలవఱకు నక్కలును చీమలును దినివైచినవి. కొమ్ములు మాత్రము చెక్కుచెదరక యున్నవి. వారు దానిని ముట్టక సంఘ కార్యాలయమునకు వచ్చి మమ్ము రెండు ప్రశ్న లడిగిరి. దీనిని ఇంటి వాకిట తగిలించుకొనవచ్చునా? శుభ్రపఱచుట యెట్లు? నంద్యాల మొదలు అహోబిలము వఱకు కొండయంచున సేద్యము చేయు మనలో ననేకులకు ఇట్టి సందేహము గలుగును గావున వారికి జెప్పినదే యిచట వ్రాయుచున్నాము.

మొదటి ప్రశ్నకు కూడదనుటయే సమాధానము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము 39వ సెక్షను ప్రకారము చచ్చిపడి దొరకిన వన్యమృగమును, దాని తలయు కొమ్ములును ప్రభుత్వపు సొత్తు. అట్టిది చేతికి వచ్చినవారు 48 గంటలలోపల పోలీసు ఠాణాకు గాని అధికారమున్న అటవీ యుద్యోగికి గాని తెలుపవలయును. వ్రాతమూలకమైన యనుమతి లేక దానిని ఉంచుకొనుటయు, ఇతరుల కిచ్చుటయు, పాడుచేయుటయు నేరము. అడవిలో రాలిన కొమ్మును ఏరితెచ్చుకొనుటకును స్వేచ్ఛ లేదు. తాతలనాటి కొమ్ములు మిద్దెలలో నున్నవారికి 2003లో ప్రత్యేక నియమములు చేసి, ప్రకటించుకొనుటకు 180 దినముల గడు విచ్చిరి. ఆ గడువు ఏనాడో తీఱినది.

దొరకినదానిని కదలింపకుండుట మేలనుటకు వేఱొక కారణమును గలదు. దుప్పికిని కణితికిని కొమ్ము ఏటేట రాలి మరల మొలచును. తానై రాలిన కొమ్ము మొదలు గుండ్రముగా, గరుకుగా నుండును. కొమ్ముతో పుఱ్ఱెయెముక అంటియున్నచో ఆ మృగము కొమ్ము లుండగనే చచ్చినదని యర్థము. అది ముసలితనమున జచ్చెనా, ఉచ్చున బడెనా, అడవిపందులకై చేనిచుట్టు కట్టిన కరెంటు తీగకు దగిలెనా యను సంగతి ఆ చోటును జూచినగాని తెలియదు. ఆ తీగ దుప్పినే కాదు, తెల్లవాఱుజామున నీరు కట్టబోయిన రైతును సైతము చంపును. ఈ మాట వ్రాయుట మాకు కష్టముగనే యున్నది. పంట పోయిన కడుపుమంట మే మెఱుగనిది కాదు.

ఇంకొక హెచ్చరిక. క్రొత్తగా చచ్చిన మృగమునకు ముక్కునుండి గాని నోటినుండి గాని గడ్డకట్టని నల్లని నెత్తురు కాఱుచుండినచో దానిని కోయరాదు, చర్మ మొలువరాదు, ముట్టనేరాదు. అది దొమ్మరోగము కావచ్చును. దాని బీజములు మట్టిలో ఏండ్లతరబడి బ్రదికి గొఱ్ఱెలకును పసరములకును మనుష్యులకును సోకును. వెంటనే పశువైద్యునికి దెలుపవలయును.

కొమ్మనగానే అన్నియు నొకటి కావు. దుప్పి కొమ్ము నిలువెల్ల ఎముకయే. ఒక్కొక్క కొమ్మునకు సాధారణముగా మూడు కొనలుండును. కృష్ణజింక కొమ్ము మెలికలు దిరిగి, లోపల ఎముకయు పైన గోరువంటి తొడుగును గలిగి, ఎన్నడును రాలదు. రాలిన దుప్పికొమ్ములు అడవిలో నేల గుట్టలుగా పడియుండవని పలువు రడుగుదురు. ఏదుపందులు వానిని కొఱికి తినును. ఎముకలోని సున్నమును భాస్వరమును వాని కవసరము. మన యెద్దు గాని ఆవు గాని బీటిలో ఎముకలు నములుచుండినచో అదియు భాస్వరము చాలమికి గుఱుతే. కళేబరపు టెముకలలోని విషముచే పసరములు కాళ్లు పడిపోయి చచ్చుటయు గలదు. కావున దానిని వింతగా జూచి యూరకుండక, దాణాలో లవణ మిశ్రమము కలుపుట మంచిది.

ఇక శుభ్రపఱచు విధము. అనుమతి పొందిన పాఠశాలకు గాని ప్రదర్శనశాలకు గాని ఇది పనికివచ్చును. ఇంట పిల్లలు నేర్వగోరినచో మేక తలతో గాని పొట్టేలి తలతో గాని అభ్యసింపవచ్చును. మేమును అట్లే మొదలిడితిమి. మొదటిసారి తొందరపడి తలను కుండలో నుడుకబెట్టితిమి. క్రొవ్వు ఎముకలోనికే యింకి పుఱ్ఱె పసుపుపచ్చనై జిడ్డుదేఱెను. అతుకులు విడి, పండ్లు పగిలెను. దానిని తెల్లబఱుపవలెనని బ్లీచింగు పొడిలో వైచితిమి. ఆఱుమాసములలో ముక్కెముక సుద్దవలె పొడిపొడియై రాలెను. సున్నపునీట నెక్కువకాలము నానినను ఎముక బలము చెడును.

సరియైన మార్గము చల్లనీరే. చేతులకు తొడుగులు వేసికొని, మెదడును వీలైనంత తీసివైచి, మూతగల బాల్చీలో పుఱ్ఱె మునుగునట్లు నీరు పోయవలయును. దుప్పితలయైనచో కొమ్ములు నీటికి పైననే యుండవలెను. లేనిచో వాని సహజమైన గోధుమరంగు పోవును. నీటిలోని సూక్ష్మజీవులే మాంసమును కరగించును. మన నంద్యాల యెండలకు రెండు మూడు వారములు చాలును, చలికాలమున నెక్కువ పట్టును. మధ్యమధ్య నీటిని కొంత తీసి కొంత పోయవలయును. అంతయు మార్చినచో ఆ జీవులు పోయి పని నిలిచిపోవును. కంపు మాత్రము భరింపరానిది. బాల్చీని ఇంటికి దూరముగా గాలివాలున నుంచనియెడల ఇల్లాలు మిమ్మును బాల్చీతోగూడ వెలుపల నుంచును. నీరు పాఱబోయునపుడు గుడ్డలో వడకట్టుట మఱవరాదు. ఊడిన ముందుపండ్లు అందు దొరకును.

పిమ్మట గోరువెచ్చని నీటిలో పాత్రలు తోము సబ్బుద్రవము కలిపి పుఱ్ఱెను నానవేసి, నీటిపై జిడ్డుతెట్టు కట్టినపుడెల్ల మార్చుచుండవలయును. ఇది వారములు పట్టు పని. జిడ్డు పోనిదే తెలుపు నిలువదు. తరువాత మందులషాపున దొరకు హైడ్రోజన్ పెరాక్సైడును నూటికి మూడుపాళ్ల బలమున ఒకటి రెండు దినము లుంచి, కడిగి, నీడను ఆఱవేయవలెను. కొమ్ములకు ఈ మందు తగులరాదు. వానిని తడిగుడ్డతోను మెత్తని కుంచెతోను తుడిచిన చాలును. ఊడిన పండ్లను, విఱిగిన ముక్కలను వడ్రంగులు వాడు తెల్లజిగురుతో అతుకవచ్చును. వార్నీషు పూయుట మాకు సమ్మతము గాదు. చూచుటకు బొమ్మవలె నుండునే కాని యెముకవలె నుండదు.

మన సీమలో ఎముకల గౌరవము క్రొత్తది కాదు. బేతంచెర్ల సమీపమున బిలస్వర్గపు గుహలలో 1844లో న్యూబోల్డు దొర రాయిగట్టిన ఎముకలను గనుగొనెను. 1884-85లో రాబర్టు బ్రూస్ ఫుటును ఆయన కుమారుడును అచట త్రవ్వించిరి. 1886లో లైడెక్కరు పండితుడు ఆ యెముకలను పరిశీలించి వ్రాసిన దానిలో దుప్పులును కణుతులును గలవు. ఇపు డీప్రాంతమున మచ్చునకైన లేని ఖడ్గమృగమును గలదు. దానికి కర్నూలు పేరే పెట్టిరి. చిన్న పంటి నైనను పాఱవేయక ఏరి, దొరకిన చోటును గుఱుతువ్రాసి యుంచుటచేతనే గదా ఆ సంగతి నేడు మనకు దెలిసినది!

మా సభ్యుడు నాటి సాయంకాలమే అటవీ యుద్యోగులకు కబురంపెను. మఱునాడు వారు వచ్చి, చోటు చూచి, పంచనామా వ్రాసి తలను గొనిపోయిరి. ఆయన సంతకము చేయుచు, కొమ్ముల కొలత యెంతయని యడిగి తన చేతికఱ్ఱపై గాటు పెట్టుకొనెను. సంఘ కార్యాలయపు బల్లమీద నిపు డున్నది మేము రెండవసారి శుభ్రపఱచిన పొట్టేలి పుఱ్ఱె. పిల్లలను దోడ్కొనివచ్చి చూపవచ్చును.