కణము మ్రింగు విధము

ప్రాణవాయువు వంటి చిన్న అణువులు జీవకణపు పొరగుండ తమంతట తామే దూరిపోవును. చక్కెర పోవుటకు ఆ పొరలో ప్రత్యేక మార్గములు కలవు. కాని రక్తములో కొలెస్టరాల్‌ను మోసికొని తిరుగు ఎల్.డి.ఎల్. అను క్రొవ్వు రేణువు మాట వేరు. దాని యడ్డుకొలత పొర మందమునకు రెండు రెట్లకు మించియుండును. పొరకు చిల్లు పడకుండ అది లోని కెట్లు పోవును?

పొరయే లోనికి క్రుంగి, కజ్జికాయలో పూర్ణమును మూసినట్లు రేణువును చుట్టుకొని, సంచియై తెగి లోపల పడును. వినుట కిది సులభముగా తోచును గాని, ఇందలి కీలకము ఒక వ్యాధివలన బయటపడినది.

కొందరు పసివారికి పుట్టుకతోనే రక్తములో ఎల్.డి.ఎల్. మితిమీరి యుండును, యుక్తవయస్సు రాకమునుపే గుండెపోటు వచ్చును. 1973లో అమెరికాలోని డల్లాస్ నగరమున గోల్డ్‌స్టీన్, బ్రౌన్ అను వైద్యులు ఆరోగ్యవంతుల కణములపై ఈ రేణువును పట్టుకొను ప్రోటీనును కనుగొనిరి. దానిని గ్రాహకమందురు. పెక్కుమంది రోగులలో అది లేనేలేదు. అంతవరకు బాగుగనే యున్నది. కాని ఒక రోగి కణములు రేణువును పట్టుకొనియు లోనికి తీసికొనలేదు! అతిథి చేయి పట్టుకొని వాకిటనే నిలుచున్నట్లున్నది వాని తీరు.

1977లో ఆండర్సన్‌తో కలిసి వారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడగా సంగతి తేలినది. కణముపై అక్కడక్కడ చిన్న గుంటలుండును. అవన్నియు కలిపి పైభాగములో నూటికి రెండు వంతులే. వాని లోపలివైపున క్లాత్రిన్ అను ప్రోటీను బుట్టవలె అల్లుకొని యుండును. ఆరోగ్యవంతుల గ్రాహకములు ఆ గుంటలలో గుమిగూడును. ఈ రోగి గ్రాహకములు చెల్లాచెదరుగ నున్నవి. గ్రాహకములోని 839 అమైనో ఆమ్లములలో, లోనికి చొచ్చియున్న తోకయందు, ఒక్కటి మారుటయే దీనికి హేతువని 1986లో తెలిసినది. అంతకు ముందేడు ఆ వైద్యు లిరువురకు నోబెల్ బహుమానము లభించినది.

లోపల పడిన సంచిలో పులుపు పెరుగగా గ్రాహకము రేణువును విడిచి, సుమారు పది నిమిషములలో మరల పైకి చేరును. రేణువు మాత్రము జీర్ణమగును.

నేడు వాడుకలోనున్న స్టాటిన్ మందులు కాలేయకణములలో కొలెస్టరాల్ తయారీని తగ్గించును. కొరత పడిన కణము మరిన్ని గ్రాహకములను పైకి పంపి రక్తమునుండి రేణువులను లాగికొనును. పనిచేయు గ్రాహక మొక్కటియు లేని పిల్లలకు ఈ మందులవలన ప్రయోజనము స్వల్పము. వారి రక్తమును యంత్రముగుండ పంపి ఎల్.డి.ఎల్.ను మాటిమాటికి వడగట్టవలసి యుండును.