ఏ గొల్లపల్లి? – ఇంగ్లీషు పేపర్లో మాడిఫయర్ల సంగతి

నాన్నకు గొల్లపల్లికి బదిలీ అయిందని ఫోనులో చెప్పగానే నానమ్మ సంబరపడిపోయింది. "మన గొల్లపల్లే కదరా బిడ్డా!" అంది. ఆమెకు తెలిసిన గొల్లపల్లి జగిత్యాల జిల్లాలో ఉంది, మా ఊరికి దగ్గర. నాన్న ఒక క్షణం ఆగి, "కాదమ్మా, ఇది బస్తర్ గొల్లపల్లి" అన్నాడు. అంటే ఛత్తీస్‌గఢ్‌లో, సుక్మా జిల్లా కొంటా వైపు, తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఊరు. ముందు ఒక్క మాట చేరేసరికి ఊరు మారిపోయింది, నానమ్మ గొంతూ మారిపోయింది.

ఆ ఒక్క మాట చేసిన పనినే ఇంగ్లీషు వ్యాకరణంలో మాడిఫయర్ పని అంటారు. ఇంకో మాట అర్థాన్ని సరిచేసి, 'ఏది? ఎలాంటిది? ఎలా? ఎంత?' అని చెప్పే మాట. మన విశేషణం, క్రియావిశేషణం రెండూ ఇందులోకే వస్తాయి. పరీక్షలో నాలుగు జవాబులిచ్చి సరైనది ఎంచుకోమంటే మనలో చాలామంది 'వినడానికి బాగుంది' అన్నదాన్ని టిక్ పెట్టేస్తాం. బడులు మారుతూ వచ్చిన మనకు ఇంగ్లీషు రూల్స్ సగం ఒక ఊళ్లో, సగం ఇంకో ఊళ్లో చెప్పి ఉంటారు. కానీ ఇంట్లో మాట్లాడే తెలుగు మాత్రం మనతోనే వస్తుంది. అది ఈ ప్రశ్నల్లో చాలాచోట్ల పనికొస్తుంది. కొన్నిచోట్ల ముంచుతుంది కూడా.

ముందు పనికొచ్చే చోటు. తెలుగులో 'ఐన' వస్తే అది పేరును వర్ణిస్తుంది, 'గా' వస్తే పనిని వర్ణిస్తుంది. స్పష్టమైన గొంతు, స్పష్టంగా చదివాడు. ఇంగ్లీషులో మొదటిది క్లియర్, రెండోది క్లియర్లీ. ఖాళీలో తెలుగు మాట పెట్టి చూస్తే చాలా ప్రశ్నలు ఇలాగే తేలిపోతాయి.

ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మి నేను ఎనిమిదో తరగతిలో నాన్న గురించి వ్యాసం రాశాను. నాన్న కష్టపడి పనిచేస్తాడని చెప్పాలి. హార్డ్ పక్కన 'లీ' చేర్చి, 'హి హార్డ్లీ వర్క్స్' అన్నాను. టీచర్ దాని చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, "మీ నాన్న అసలు పనే చెయ్యడా?" అని అడిగారు. హార్డ్లీ అంటే 'చేసీ చెయ్యనట్టు' అని అప్పుడు తెలిసింది. కష్టపడి అనడానికి హార్డ్ చాలు: హి వర్క్స్ హార్డ్. ఆలస్యంగా అంటే లేట్, లేట్లీ అంటే ఈమధ్య. పోయింది అర మార్కే. కానీ నెలల తరబడి ఇంటికి రాని మనిషి గురించి అలా రాసినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తెలుగు ఎక్కువగా ముంచేది రుచి, వాసన, చూపు చెప్పే వాక్యాల్లో. బస్తర్ చింతపండు నోట్లో వేసుకుని 'పుల్లగా ఉంది' అంటాం. 'గా' ఉంది కదా అని 'టేస్ట్స్ సవర్లీ' రాస్తే తప్పు. ఆ పులుపు చింతపండుది, రుచి చూసే పనిది కాదు. కాబట్టి 'ది టామరిండ్ టేస్ట్స్ సవర్'. అనుమానం వస్తే క్రియను తీసేసి అక్కడ 'ఈజ్' పెట్టండి. 'ది టామరిండ్ ఈజ్ సవర్' నిలబడింది, అంటే 'లీ' అక్కర్లేదు. 'షి టేస్టెడ్ ది సూప్ కేర్‌ఫుల్లీ'లో ఈజ్ పెట్టి చూడండి, ఆమే సూప్ అయిపోతుంది! అక్కడ 'లీ' కావాలి.

తర్వాత 'ఫ్యూ', 'ఎ ఫ్యూ'. పదో తరగతిలో డిటర్మినర్ల ప్రశ్న అంటే ఇది ఎదురయ్యే అవకాశం ఎక్కువ. కొత్త బడికి వచ్చిన మొదటి నెలలో పాత స్నేహితురాలికి 'ఐ హావ్ ఫ్యూ ఫ్రెండ్స్ హియర్' అని మెసేజ్ పెట్టాను. కొద్దిమంది దొరికారని నా సంతోషం. ఆమె కంగారుగా ఫోన్ చేసి, "అక్కడ నీతో ఎవరూ మాట్లాడట్లేదా?" అంది. ఈ తేడా మన 'ఏ'లో ఉంది. కొద్దిమంది ఉన్నారు: ఎ ఫ్యూ. కొద్దిమందే ఉన్నారు: ఫ్యూ. అలాగే కొంచెం నీళ్లు ఉన్నాయంటే ఎ లిటిల్, కొంచెమే ఉన్నాయంటే లిటిల్. లెక్కపెట్టగలిగితే ఫ్యూ, లేకపోతే లిటిల్.

'ఓన్లీ'కీ ఈ 'ఏ' పనికొస్తుంది. నాన్నే ఆదివారం వచ్చాడు, నాన్న ఆదివారమే వచ్చాడు. 'ఏ' ఏ మాటకు అంటుకుందో ఆ మాట ముందు ఓన్లీ పెట్టండి: ఓన్లీ ఫాదర్ కేమ్ ఆన్ సండే, ఫాదర్ కేమ్ ఓన్లీ ఆన్ సండే. మొదటి వాక్యంలో అమ్మ రాలేదు. రెండో వాక్యంలో సోమవారం నాన్న లేడు.

ఇక వాక్యం మొదట్లో వేలాడే మాడిఫయర్. సెలవులకు ఊరు వెళ్తూ భద్రాచలం దగ్గర వంతెన మీద నుంచి వెనక్కి చూసిన సంగతి ఇలా రాశామనుకోండి: 'క్రాసింగ్ ది గోదావరి, ది టెంపుల్ లుక్డ్ స్మాల్.' దీని ప్రకారం గోదావరి దాటింది గుడి! తెలుగులో 'గోదావరి దాటుతూ గుడి చిన్నగా కనిపించింది' అంటే మన చెవికే ఎక్కడో తేడా కొడుతుంది. 'మేము దాటుతుంటే' అంటాం. 'తూ' వచ్చినప్పుడు రెండు పనులూ ఒకరివే కావాలి, 'తుంటే' వస్తే వేరువేరు కావచ్చు. కాబట్టి 'ఇంగ్'తో మొదలైన వాక్యం కనబడితే దాన్ని 'తూ' పెట్టి తెలుగులో చెప్పుకోండి. కామా తర్వాత వచ్చిన మనిషో వస్తువో ఆ పని చేయగలదా అని అడగండి. చేయలేకపోతే 'వైల్ వుయ్ వర్ క్రాసింగ్' లాంటి జవాబు కోసం వెతకండి.

చివరగా మీకొకటి. 'ది న్యూ బాయ్ లుక్డ్ ____ అట్ ది నోటీస్ బోర్డ్.' ఖాళీలో శాడ్ రావాలా, శాడ్లీ రావాలా? ఈజ్ పెట్టి చూశాకే టిక్ పెట్టండి.