‘మార్కెట్టు’ అను మాట

ఆంగ్లమునుండి మన భాషలోనికి వచ్చిన పదములలో ‘మార్కెట్టు’ వలె ఇంటింట వినబడునది అరుదు. కూరలకు పోవు ఇల్లాలును, పత్తి నమ్మబోవు రైతును, వాటాల వర్తకుడును ఈ యొక్క మాటనే వాడుదురు. కాని మువ్వురి మనస్సులలో మెదలు అర్థము ఒక్కటి కాదు. ఈ భేదము నిఘంటుకారులకు మాత్రమే సంబంధించినదని త్రోసిపుచ్చ వీలులేదు. రైతు బ్రతుకు దీనితో ముడివడియున్నది.

హైదరాబాదులో ఈ మాట మొదటి అర్థము రాతిలో నిలిచియున్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1935లో, ఆబిద్సునకును నాంపల్లికిని చేరువగా గ్రానైటు రాతితో కట్టబడిన మొజంజాహీ మార్కెట్టు ఆయన రెండవ కుమారుడు మొజంజా పేరు దాల్చినది. గడియారపు గోపురమును, దాని కిరుప్రక్కల సాగిన దుకాణములును నేటికిని చూడవచ్చును. జీర్ణోద్ధరణము జరిగి 2020లో అది మరల తెరువబడినది. ఇచట మార్కెట్టనగా ఒక చోటు. అమ్మువాని మొగము కొనువానికి కనబడును. ధర నచ్చకున్న ప్రక్క దుకాణమునకు పోవచ్చును. మోసమైనచో మరునాడు వచ్చి నిలదీయవచ్చును.

ఇట్టి చోటులకు మనకు పేర్లు లేకపోలేదు. నిత్యము తెరచియుండునది అంగడి. వారమున కొకనాడు కూడునది సంత. పారశీకమునుండి బజారును, గంజ్‌యును వచ్చినవి. బేగంబజారు, ఉస్మాన్‌గంజ్ ఈ మార్కెట్టునకు పొరుగుననే యున్నవి. ఈ మాటలు చోటును విడిచి పోలేదు. ‘సంత పడిపోయినది’ అనిగాని, ‘అంగడి నిర్ణయించినది’ అనిగాని మన పల్లెలలో ఎవ్వరును అనరు.

ఆంగ్లపదము చోటు విడిచిన తీరు చూడుడు. ‘నేటి మార్కెట్టెంత?’ అన్నచో ధర. ‘ఆ నటునకు మార్కెట్టు కలదు’ అన్నచో గిరాకి. ‘మా సరకునకు విదేశములలో మార్కెట్టు దొరకినది’ అన్నచో కొనువారి సమూహము. ‘మార్కెట్టు పడిపోయినది’ అన్నచో వాటాల విలువ. 1943లో వెలసిన హైదరాబాదు స్టాకు ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయినను, నగరవాసుల వాటాల బేరములు ఆగలేదు. చోటు పోయినను మార్కెట్టు మిగిలినది! తుదకు ‘మార్కెట్టు నిర్ణయించినది’ అనునంతవరకు వచ్చినది. వ్యాకరణమునకు కర్త దొరికినాడు. లోకమున కర్త మాయమైనాడు.

ప్రమాదమంతయు ఇందే యున్నది. రైతు మిరప బస్తాలతో యార్డునకు వచ్చును. ‘నేడు మార్కెట్టు లేదు’ అందురు. ధర తగ్గించినదెవరు? కొనువారు కూడబలుకుకొనిరా? తేమ యున్నదని సాకు చెప్పిరా? దిగుమతులు వచ్చిపడినవా? లేక పంట పుష్కలమై నిజముగనే గిరాకి తగ్గినదా? ఇవి వేరువేరు రోగములు. వీనికి మందులును వేరువేరు. అన్నిటిని ఒక్క మాట కప్పివేయును. వాన కురియలేదన్నట్లు విని రైతు తల వంచుకొని పోవును.

మార్కెట్టు వానవంటిది కాదని మన చట్టములే చెప్పుచున్నవి. నిజాము రాజ్యమున 1930లోనే వ్యవసాయ మార్కెట్టుల చట్టము పుట్టినది. ఆంధ్రప్రదేశమున 1966లో మరియొకటి వచ్చినది. తూకమునకును, రుసుములకును, కమీషనులకును నియమములు కావలసివచ్చుటయే అవి మనుష్యుల చేతలని తెలుపుచున్నది. 1999లో మొదలైన రైతుబజారులు దళారి లేకుండ రైతే అమ్ముకొనుటకు ఏర్పడినవి. ఆ పేరులోనే అమ్మువాడు కనబడుచున్నాడు.

ఈ పదమునకు మూలము లాటిను భాషలో ‘సరకు’ అని అర్థమిచ్చు మెర్క్స్ అను మాట. ఆ కుదుటనే పుట్టిన మెర్కేస్ అనగా కూలి, ప్రతిఫలము. ఆంగ్లమున దయ అని చెప్పబడు మెర్సీ దానినుండియే వచ్చినది. మన రైతు దయను యాచించుట లేదు. ఆ పాత అర్థమైన ప్రతిఫలమునే అడుగుచున్నాడు. కావున ‘మార్కెట్టు పడిపోయినది’ అని ఎవరైన చెప్పినపుడు, ఏ మార్కెట్టు, ఎచట, ఎవరి చేత అని అడుగుట అతని హక్కు. అతని పక్షమున అడుగుట మన విధి.